అరికాల్లో పురుగుతో నాగాయలంక నుంచి గుడివాడకి

కానిస్టేబుల్ ఉద్యోగానికి బందరులో పరుగు పరీక్ష వారంలో ఉందనగా నా కుడి అరికాల్లో ఎర్రటి గీత ఒకటి పాకడం మొదలుపెట్టింది. తొంభైల చివరి సంగతి ఇది. వయసు లెక్కన నాకదే ఆఖరి అవకాశం. రోజూ సముద్రం ఒడ్డున చెప్పుల్లేకుండా పరుగు సాధన చేసేవాణ్ణి. కుక్కలు తిరిగే ఇసుకలోంచి సన్నటి పురుగు చర్మంలోకి దూరుతుందని అప్పటికి తెలీదు. దురదతో కంటిమీద కునుకు లేదు.

మా అక్క భర్త, అంటే మా బావ, నాగాయలంకలో ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. "పురుగేగా, చలికి అదే చస్తుంది" అంటూ రొయ్యల పెట్టెలకి చేసినట్టే ఐసు నలగ్గొట్టి, ఇంకా చల్లబడాలని ఉప్పు కలిపి, అందులో నా కాలు పెట్టించాడు. కాలు రొయ్య కాదని ఇద్దరికీ తట్టలేదు. తెల్లారేసరికి గీత చివర పెద్ద బొబ్బ. పురుగు మాత్రం బొబ్బని దాటి మడమ వైపు తిరిగింది. నాకు ఒళ్లు మండిపోయింది.

గుడివాడలో ఒక డాక్టరమ్మ పులిపిర్లని ఐసుకన్నా ఎంతో చల్లగా ఉండే ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టిస్తారని విన్నాను. ఐసుకి చావనిది దానికి చస్తుందని పొద్దున్నే నాగాయలంకలో బస్సెక్కాను. అవనిగడ్డ మీదుగా పులిగడ్డ అక్విడెక్టు దాటి చల్లపల్లిలో ఒకసారి, పామర్రులో ఇంకోసారి బస్సు మారాలి. మూడు గంటల పైనే పట్టింది, టికెట్లన్నీ కలిపి పాతిక రూపాయల లోపే. కుంటడం చూసి కండక్టరు అడిగాడు.

"కాలికేమైందండీ?"

"పురుగు పాకుతోందండి."

"మరి ఐసు పెట్టలేదా?"

నేను టికెట్టు జేబులో పెట్టుకుని కిటికీ వైపు తిరిగాను.

డాక్టరమ్మ గదిలో పశువుల ఆసుపత్రిలో ఉండేలాంటి నైట్రోజన్ క్యాను ఉంది. మూత తీస్తే తెల్లటి పొగ. పరుగు పరీక్ష సంగతీ, బావ ఐసు వైద్యం సంగతీ ఆవిడకి చెప్పాను.

"దాంతో చంపేయండి మేడమ్. ఎంత నొప్పైనా ఓర్చుకుంటాను."

"మీరు ఓర్చుకుంటారు సరేనండీ, పురుగు గీత చివర ఉండదు. కంటికి కనపడకుండా ఇంకాస్త ముందుకెళ్లిపోయి ఉంటుంది. మీ బావగారు ఖాళీ ఇంటికి తాళం వేశారు. ఇదివరకు నేనూ ఇలాగే ఫ్రీజ్ చేసి చూశాను. పురుగు తప్పించుకుంది, పుండు మిగిలింది."

అయినా పట్టుబట్టాను. ఆవిడ క్యాను మూత పెట్టేశారు.

"మీకు ఉద్యోగం కావాలా, ఆ పురుగు మీద పగ కావాలా?"

ఉద్యోగమే కావాలన్నాను. మాత్రలు రాసి, బొబ్బకి కట్టు కట్టి పంపారు.

రెండు మూడు రోజుల్లో దురద తగ్గింది, గీత ఆగిపోయింది. బందరు మైదానంలో నన్ను బాధపెట్టింది మా బావ వైద్యమే. ప్రతి అడుగూ పచ్చిపుండు మీదే. పంటి బిగువున పరుగెత్తి, ఆఖరివాళ్లలో ఒకడిగా, టైము లోపలే చేరి మోకాలు పట్టుకుని కూలబడ్డాను. బావ ఫ్లాస్కుతో పరుగున వచ్చి, తువ్వాల్లో ఐసు ముక్కలు మూటగట్టి నా మోకాలికి ఆనించాడు.

"ఉప్పు వెయ్యలేదురా, ఒట్టు" అన్నాడు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు.

పట్టుదలంటే నొప్పిని ఓర్చుకోవడమే అనుకునేవాణ్ణి. అక్కర్లేని నొప్పిని వద్దనడానికి కూడా పట్టుదల కావాలని ఆ క్యాను ముందు కూర్చున్నప్పుడు తెలిసింది. దివిసీమ సముద్రపు ఒడ్డుకి వెళ్లేవాళ్లకి ఒక్కటే చెప్తాను. ఇసుకలో చెప్పులు విప్పకండి. ఎర్రగీత కనిపిస్తే తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఉప్పూ ఐసూ రొయ్యలకి వదిలేయండి.