చీమలు పట్టిన కటౌట్

నా చిన్నప్పుడు మా ఇంట్లో సినిమాకి వెళ్లొచ్చినవాళ్లకి ఒక బాధ్యత ఉండేది. కాళ్లు కడుక్కుని, ఇంత అన్నం తిని, వసారాలో కూర్చుని చూడనివాళ్లకి కథంతా చెప్పాలి. టికెట్టు ఒకరు కొన్నా సినిమా ఇంటిల్లిపాదిదీ అని మా తాతయ్య అనేవాడు. మాది అనకాపల్లి ఊరి చివర, ఇళ్లు అయిపోయి చెరకు తోటలు మొదలయ్యే చోట. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తరోజులు. కొత్త సినిమా టీవీలోకి రావడానికి చాలా కాలం పట్టేది. అందుకని కథ చెప్పేవాళ్లకి మా ఇంట్లో పెళ్లికొడుకు మర్యాదలు జరిగేవి.

కథ చెప్పడంలో ఇద్దరు మొనగాళ్లు ఉండేవారు. ఒకరు మా బాబాయి, నాన్నకి తమ్ముడు. తాతయ్యతో కలిసి గానుగ దగ్గర బెల్లం వండేవాడు. ఇంకొకరు మా మావయ్య, అమ్మకి తమ్ముడు. పక్క వీధిలో ఉంటూ పొలాల్లో మోటార్లు బాగుచేసేవాడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అంటే బావా అనుకుంటూ ఒకే సైకిల్ మీద ఊరంతా తిరిగేవారు. అన్నిట్లోనూ ఒకటే మాట, ఒక్క హీరో విషయంలో తప్ప. బాబాయి హీరో వేరు, మావయ్య హీరో వేరు. ఆ పేర్లు ఇప్పుడు చెప్పను. చెబితే మీలో సగం మంది ఇక్కడితో చదవడం ఆపేస్తారు.

ఒకరి హీరో సినిమా ఇంకొకరు చూడకూడదు. అదొక వ్రతం. కానీ బాబాయి కథ చెబుతుంటే మావయ్యే విలన్ వేషం కట్టి తలగడతో తన్నులు తినేవాడు. మావయ్య వంతు వచ్చినప్పుడు బాబాయి తినేవాడు. నేను మంచం మీద ఎగిరి గంతులేసేదాన్ని. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది.

ఒక ఏడాది ఎండలు ముదరకముందు నా కాలు విరిగింది. ఫ్యాక్టరీకి వెళ్తున్న చెరకు బండి వెనక పరిగెత్తి, గడ లాగబోయి, గడతో పాటు నేనూ కింద పడ్డాను. తొడ దాకా సిమెంట్ కట్టు వేశారు. సరిగ్గా అప్పుడే ఇద్దరు హీరోల సినిమాలూ రెండు థియేటర్లలో ఒకేసారి వచ్చాయి. ఊరంతా ఊగిపోతోంది. రిక్షాకి మైకు కట్టి పాటలు వేసుకుంటూ మా వీధిలోంచే తిరిగారు. నేను మాత్రం కిటికీ పక్క మంచం మీద, కట్టు లోపల దురద పెడుతుంటే పుల్ల దూర్చి గోక్కుంటూ కూర్చున్నాను. నా ఆశంతా ఆ ఇద్దరి మీదే. సినిమాకి నేను వెళ్లలేకపోయినా సినిమాయే నా దగ్గరికి వస్తుందన్న ధీమా.

అంతా ఆ పానకం వల్ల చెడింది. ఏ ఊళ్లోనైనా అభిమానులు హీరో కటౌట్‌కి పాలు పోస్తారు. మా బాబాయి కంటికి అది ఆనలేదు. బెల్లం పుట్టిన ఊళ్లో పాలేమిటి, మన గౌరవం మనకుండాలి అన్నాడు. గానుగ దగ్గరి నుంచి చిక్కటి పానకం బిందెలతో మోసుకెళ్లి, నిచ్చెనేసి, హీరో తల మీద నుంచి కాళ్ల దాకా అభిషేకం చేశారు. చూసినవాళ్లంతా ఈలలు వేశారు. బాబాయి ఒళ్లంతా జిగురుతో, ముఖమంతా నవ్వుతో ఇంటికి వచ్చాడు. తెల్లారి మార్నింగ్ షోకి జనం వచ్చేసరికి హీరో ముఖం కనపడలేదు. నల్ల చీమలు, ఎర్ర చీమలు, ఈగలు, కందిరీగలు, అన్నీ కలిసి ఆయన మీద పుట్ట పెట్టినట్టు ఉన్నాయి. కందిరీగలకి భయపడి టికెట్ల లైను కూడా గోడ అవతలికి జరిగిందట.

టీకొట్టు దగ్గర ఇరువైపుల కుర్రాళ్లూ చేరిన సమయంలో మావయ్య నోరు జారాడు.

"మీవోడి మొకం సీమలకి బాగా నచ్చేసింది బావా."

జనం పడీ పడీ నవ్వారట. బాబాయి ఊరుకునే రకం కాదు.

"మీవోడి సినిమాకి సీమలు కూడా రానేదు గదేటి."

ఇంతవరకూ అయితే ముచ్చటే. కానీ వెనకున్నవాళ్లు ఎగదోశారు. ఆ సినిమా చెత్తంటే ఈ సినిమా చెత్తన్నారు. తోపులాటైంది, మావయ్య చొక్కా చిరిగింది. చివరికి బాబాయి అందరి ముందూ, మా ఇంటి గుమ్మం ఇంక తొక్కకు అనేశాడు. ఒళ్లు మండినప్పుడు ఎవరైనా ఏదో ఒకటి అంటారు. కానీ ఆ గుమ్మం లోపల ఉన్నది మావయ్య అక్క. ఆ సంగతి బాబాయికి ఆ క్షణాన గుర్తు లేదు.

మావయ్య రావడం మానేశాడు. సాయంత్రం సైకిల్ బెల్లు వినపడితే అమ్మ చెయ్యి పనిలో ఆగిపోయేది. వేరేవాళ్ల సైకిల్ అని తెలిశాక మళ్లీ కదిలేది. మరిదిని ఒక్క మాట అనలేదు. తమ్ముణ్ని వెనకేసుకు రాలేదు. అన్నం వడ్డించేటప్పుడు మాత్రం ఎవరి ముఖమూ చూసేది కాదు. నాన్న ఫ్యాక్టరీ డ్యూటీ నుంచి వచ్చి, సినిమా గోల రెండ్రోజుల్లో సర్దుకుంటుందిలే అనేవాడు. సర్దుకోలేదు. బాబాయి కూడా వసారాలో కూర్చోవడం మానేశాడు. కథ చెప్పమంటే, విలన్ లేకుండా ఏం చెప్తాం అని తువ్వాలు దులుపుకుని పోయేవాడు. ఒకసారి నేను గట్టిగా ఏడ్చాను. కాలు నొప్పి అనుకుని అమ్మ మాత్ర వేసింది.

మా తాతయ్యకి సినిమాలంటే ఆసక్తి లేదు. ఎప్పుడైనా బలవంతాన తీసుకెళ్తే ఇంటర్వెల్లో వేరుశనక్కాయల కోసం లేచి, అవి అయిపోగానే మళ్లీ నిద్రపోయే మనిషి. ఆయన ఒక మధ్యాహ్నం నా మంచం పక్కన కూర్చుని బాబాయిని పిలిచాడు. మావయ్య హీరో సినిమా ఎలా ఉందిరా అని అడిగాడు. చెత్త అన్నాడు బాబాయి. చూశావా అని అడిగాడు. చూడక్కర్లేదు అన్నాడు.

"బెల్లం మార్కెట్‌కి దిమ్మట్టుకెల్తావు. కొనీవోడు ముక్క ఇరిసి నోట్లో ఎయ్యకుండా పులుపంటే నువ్వేటంటావు?"

మార్కెట్‌లో అలాంటి వాడి మీద బాబాయి ఎన్నిసార్లు లేచాడో మా అందరికీ తెలుసు. తాతయ్య ఇంక ఆ మాట పొడిగించలేదు. మంచం మీద గుంట ఆ కథ కోసం ఏడుస్తోంది, చెప్పే మావయ్యని నువ్వు రానివ్వవు, కాబట్టి నువ్వే చూసొచ్చి చెప్పు అన్నాడు. బాగుందో బాగోలేదో చెప్పక్కర్లేదు, కథ చెబితే చాలన్నాడు. అలాగే అమ్మ చేత మావయ్యకీ కబురు పంపాడు. బాబాయి హీరో సినిమా చూసి, బాబాయి గానుగ దగ్గర ఉండే వేళకి వచ్చి, ఆ కథ పిల్లకి చెప్పాలని. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియకూడదని నా దగ్గర ఒట్టు వేయించుకున్నాడు.

బాబాయి తలకి తువ్వాలు చుట్టుకుని, ఆడవాళ్లు ఎక్కువగా ఉండే మ్యాటినీకి దొంగలా వెళ్లొచ్చాడు. కథ మొదలుపెట్టినప్పుడు ముఖం వేపకాయ నమిలినట్టు ఉంది. హీరో పెళ్లిళ్లలో బ్యాండు వాయిస్తాడట, చిన్నప్పుడు తప్పిపోయిన తల్లి కోసం వెతుకుతుంటాడట, అంతే అన్నాడు. అంతేనా అన్నాను. తువ్వాలు తీసి భుజాన వేసుకుని, ఊరేగింపు ఉందిలే అన్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. ఇత్తడి చెంబు బాకాలా పట్టుకున్నాడు. పెళ్లి పాట వాయిస్తున్న హీరోకి ఉన్నట్టుండి తల్లి పాడిన జోలపాట గుర్తొచ్చి, పాట మార్చేస్తాడట. అందరూ తిడుతుంటారు. ఒక మేడ కిటికీలోంచి చెయ్యి ఒకటి బయటికి వస్తుంది. ఆ చెయ్యి దాకా వచ్చేసరికి బాబాయి కళ్లు తుడుచుకున్నాడు. చెంబు దించి, పొగ కళ్లలో పడుతోంది, ఆ పొయ్యేమిటో చూడమని అమ్మ మీద కసిరాడు. పొయ్యి అప్పటికింకా వెలిగించలేదు.

మర్నాడు మావయ్య వచ్చాడు. ఇంట్లోకి రాలేదు. గుమ్మం తొక్కొద్దన్నారు కదా అని నా మంచం పక్కనున్న కిటికీ బయట, బంతి మొక్కల మధ్య నిలబడి కథ చెప్పాడు. నడుము పైభాగమే కనపడింది, టీవీలో వార్తలు చదివే మనిషిలా. బాబాయి హీరో రైల్వే గేటు దగ్గర పనివాడు. ఇసుక లారీల రౌడీలు వస్తుంటే గేటు దించేస్తాడు. ఆ ఫైటింగు చెబుతూ మావయ్య ఎగిరి తన్నేసరికి నాకు కాలు కనపడలేదు, దబ్బుమన్న చప్పుడు మాత్రం వినపడింది. లేచి మట్టి దులుపుకుని, బంతి మొక్క నిలబెట్టి, మళ్లీ చెప్పాడు. నవ్వి నవ్వి నా కట్టు కదిలింది. అమ్మ గ్లాసుతో టీ తెచ్చి కిటికీ ఊచల మధ్య నుంచి తమ్ముడికి అందించింది. మావయ్య అవతల నిలబడి తాగి, ఖాళీ గ్లాసు ఊచల్లోంచే ఇచ్చాడు. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

అది తాతయ్యకి చెప్పాను. ఆయన వెలిగించబోయిన చుట్ట పక్కన పెట్టాడు. తర్వాత నాకొక పని అప్పజెప్పాడు. రెండు కథలూ కలిపేసి, తప్పులు తప్పులుగా చెప్పాలట.

"తప్పు సెప్తే ఎవుడూ ఊరుకోడమ్మా. తిట్టుకునీ నోరు తప్పుని దిద్దడానికైనా ఇప్పుతాది."

ఆదివారం దాకా ఉన్న రెండు రోజులూ నాకు నిద్ర పట్టలేదు. జీవితంలో మొదటిసారి కథ చెప్పే వంతు నాకు వచ్చింది. తలగడకి చెప్పి చూసుకున్నాను. ఆదివారం సాయంత్రం మావయ్యని కిటికీ దగ్గరికి రమ్మని కబురు వెళ్లింది. గానుగ తొందరగా ఆపించి బాబాయిని తాతయ్యే వెంటబెట్టుకొచ్చాడు. బాబాయి గదిలోకి వచ్చేసరికి కిటికీ అవతల మావయ్య. ఇద్దరూ ముఖాలు తిప్పుకున్నారు. ఎవరూ కదలకముందే నేను గొంతెత్తి మొదలుపెట్టాను.

గేటు దగ్గరి హీరో బ్యాండు వాయిస్తుంటాడు అన్నాను. బాబాయి భుజం కదిలింది. రౌడీలు భయపడి పారిపోవడానికి జోలపాట వాయించాడు అన్నాను. బాబాయి పళ్లు నూరాడు. వాళ్లమ్మ లారీ దిగి వచ్చి, నాయనా అని హీరోని కావలించుకుంది అనేసరికి ఇంక ఆగలేకపోయాడు.

"లారీ కాదే, మేడ. అమ్మ మొకం అసలు సూపించడు. సెయ్యే. ఆ సెయ్యి సూసి ఆయన వాయింపు ఆపడు సూడు, అదీ యాక్టింగంటే."

కిటికీ అవతల మావయ్య నోరు తెరిచి చూస్తున్నాడు. తన హీరోని బాబాయి ఆయన అన్నాడు. నేను ఆగకుండా, రౌడీలంటే పడక గేటు దించేశాడు అన్నాను. ఈసారి మావయ్య ఊచలు పట్టుకున్నాడు.

"రౌడీల కోసం కాదమ్మా. రైలొత్తంది, అవతల బడిపిల్లల రిచ్చా ఉన్నాది. పిల్లల కోసం దించేడు. ఆ ఒక్క సీను కోసం సినిమా మళ్లీ సూడొచ్చు."

బాబాయి మెల్లగా కిటికీ దగ్గరికి వెళ్లాడు. మా సినిమా నువ్వెప్పుడు చూశావని అడిగాడు. నువ్వు మాదెప్పుడు చూశావని మావయ్య అడిగాడు. ఇద్దరూ తలకి తువ్వాలు చుట్టుకునే వెళ్లారని తేలింది. ముందుగా నవ్వింది ఎవరో నాకు గుర్తు లేదు. బాబాయి మాత్రం నవ్వుతూనే ఒక్కసారిగా ఆగిపోయాడు. బంతి మొక్కల మధ్య మావయ్య కాళ్ల కింద నలిగిన నేల కనపడింది కాబోలు. ఊచలకి అటువైపు బావ, ఇటువైపు చేతిలో టీ గ్లాసుతో వదిన. బాబాయి ముఖం చిన్నబోయింది. చరచరా వీధి గుమ్మంలోంచి బయటికి వెళ్లి మావయ్య రెక్క పట్టుకున్నాడు.

"కిటికీలోంచి సినిమా ఏటి బావా. లోపలికి రా. నాను అన్న మాట మర్సిపో."

మావయ్య గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. అమ్మ వంటింట్లోకి వెళ్లి పెద్దగా ఏడ్చింది, అన్ని రోజులదీ కలిపి. ఆ రాత్రి అన్నాలయ్యాక ఇద్దరూ మళ్లీ పోట్లాడుకున్నారు. జోలపాట సాగదీశాడని బాబాయి, ఫైటింగులు ఎక్కువయ్యాయని మావయ్య. తలగడలు చిరిగి దూది ఇల్లంతా ఎగిరింది. తాతయ్య ఎప్పటిలాగే నిద్రపోయాడు.

ఇప్పుడు నా తలలోనూ తెల్ల వెంట్రుకలు కనపడుతున్నాయి. బాబాయీ మావయ్యా రిటైరు కావలసిన అభిమానులే, కానీ కాలేదు. వాళ్ల హీరోలూ కాలేదు. మొన్న మా అమ్మాయి ఫోన్లో ఏదో ముక్క చూసి, కొత్త సినిమా ఒకటి వేస్ట్ అని తేల్చేసింది. దాన్ని మెచ్చుకున్న స్నేహితురాలితో మాట్లాడటం లేదంది. నేను తాతయ్యలా తెలివైనదాన్ని కాను. సినిమాకి తీసుకెళ్లి, వచ్చాక కథంతా చెప్పించుకున్నాను. చెప్పీ చెప్పీ, అయినా నచ్చలేదు అంది. నచ్చకపోవచ్చు, అందులో తప్పేమీ లేదు. ఆ సాయంత్రమే ఆ స్నేహితురాలు మాట కలుపుదామని వచ్చి, బెల్లు కొట్టడానికి మొహమాటపడుతూ గేటు బయటే నిలబడింది. కిటికీలోంచి ఆ పిల్లని చూడగానే నా చెయ్యి పనిలో ఆగిపోయింది. వెళ్లి తలుపు తీసి, ముందు లోపలికి వచ్చి కూర్చో తల్లీ, తర్వాత ఎంతసేపైనా పోట్లాడుకోండి అన్నాను.