సొంత ఇంటి మిద్దెకు బాడుగ

2024 జనవరి నెల. కురుగోడు చుట్టుపక్కల మిరపకాయ కోతలు జోరుగా సాగుతున్న రోజులు. ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుగా ఈ ఊళ్ళో నేను వైరింగు చేయని వీధి లేదు. అందుకే పాత ఇల్లు కొనేవాళ్ళు ముందుగా నన్ను పిలిచి చూపించుకుంటారు. పిలిచినవాళ్ళూ గుర్తుంటారు, పిలవనివాళ్ళూ గుర్తుంటారు. రెండోవాళ్ళు కాస్త ఎక్కువగా.

ఆ రోజు లక్ష్మక్క వచ్చింది. కూలికి వెళ్ళి మిరపకాయలు తెంపిన మనిషి. ఇప్పుడు తానే కాయలు కొని, ఆరబెట్టి, తొడిమలు తీయించి, కారం పట్టించి ఊరూరా అమ్ముతుంది. ఇన్నేళ్ళూ బాడుగ ఇళ్ళలోనే ఉంది. మిద్దె మీద కాయలు పోస్తే ఘాటుకి తుమ్ములని మొదటి ఇంటివాళ్ళు ఖాళీ చేయించారు. సున్నం ఎర్రబడిందని రెండోవాళ్ళు. ఇప్పుడున్న ఇంటివాళ్ళు మిద్దె మెట్లకే తాళం వేశారు.

"అన్నా, మాస్టరు ఇల్లు అమ్ముతాండాడంట. తీసుకుందామనుకుంటాండా. శుక్రవారం బయానా ఇయ్యల్ల. నువ్వొక తూరి వచ్చి వైరింగు చూస్తావా?"

"కూతురికి చెవులు కుట్టించినప్పుడు వీధంతా తిరిగి పిలిచి, నాకి మాత్రం ఫోన్ చేస్తివి. ఇప్పుడు ఇంటికే వచ్చినావే" అన్నాను.

"అదింకా మర్చిపోలేదా?"

"యాడ మర్చిపోయేది."

"సరేప్పా. ఆ ఇంట్లో చేరేటప్పుడు కుంకుమ భరిణె పట్టుకోని నేనే వస్తా. ఇప్పుడు పద."

మాస్టరు ఇల్లంటే నాకు ఇంకో లెక్క ఉంది. సుబ్బారావు మాస్టారు వాళ్ళది కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పెట్టుకున్న కుటుంబం. ఆయన బడి ఉద్యోగం కోసం కురుగోడులో ఇల్లు కట్టుకున్నారు. వైరింగు నేనే చేశాను. స్లాబు వేసేటప్పుడే, ముందుముందు సోలార్ పెట్టుకుంటే పనికొస్తుందని మీటరు బోర్డు దగ్గర నుంచి మిద్దె మీదకి ఒక ఖాళీ పైపు గోడలో పెట్టి, మూతికి మూత బిగించాను. ఎవరూ అడగలేదు, నేనే పెట్టాను. "సోలార్ వేయించిన రోజు నిన్నే పిలుస్తానయ్యా వెంకటేశూ" అన్నారు మాస్టారు.

పిలవలేదు. ఒక రోజు బస్టాండుకి పోతూ చూస్తే, మిద్దె మీద నల్లటి ప్యానెళ్ళు మెరుస్తున్నాయి. ఎవరో బయటి కంపెనీవాళ్ళు బిగించిపోయారు. నా పైపు వదిలేసి, గోడ బయట క్లిప్పులు కొట్టి వైరు దించారు. ఆ క్లిప్పులు రోడ్డు మీదకే కనిపిస్తాయి. ఎన్నేళ్ళుగానో రోజూ చూస్తున్నాను.

అయినా లక్ష్మక్కతో వెళ్ళాను. లోపల అంతా సరిగ్గా ఉంది. ఎర్తింగు, అంటే షాకు కొట్టకుండా కరెంటుని భూమిలోకి పంపే ఏర్పాటు, కట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. తరువాత మిద్దె ఎక్కాం. లక్ష్మక్క అటునుంచి ఇటు నడిచింది. ప్యానెళ్ళు నడిమధ్యలో పరుచుకుని ఉన్నాయి. వాటి చుట్టూ మనిషి తిరిగేంత సందు.

"ఇవి పక్కకి జరిపితే చాలు కదన్నా?" అంది.

వెంట పైకి వచ్చిన మాస్టారు సంతోషంగా చెప్పారు. "జరపడం ఎందుకమ్మా, ఇంటితోపాటు నీకే వదిలేస్తున్నాను. కరెంటు బిల్లే ఉండదు."

మాస్టారు భార్య పార్వతమ్మగారు కూడా మెల్లగా పైకి వచ్చారు. ఈ ఊళ్ళో ఆయుధ పూజకి ట్రాక్టరు నుంచి కత్తెర దాకా అన్నిటికీ బొట్టు పెడతాం. కోస్తా నుంచి వచ్చినా ఆమె ఆ పద్ధతి మాకంటే గట్టిగా పట్టుకున్నారు. ప్యానెళ్ళ వైపు చూపించి నాతో ఫిర్యాదుగా చెప్పారు. "చూడండి బాబూ, ఏటా ఆయుధ పూజకి వీటికి విభూది, కుంకుమ పెడతానా, కంపెనీ మనిషొచ్చి శుభ్రంగా తుడిచేసి పోతాడు. మన వస్తువుకి మనం బొట్టు పెట్టుకుంటే వాడికేమిటండీ?"

నాకు అక్కడ అనుమానం వచ్చింది. ప్యానెల్ మీద నీడ పడినా, మరక పడినా కరెంటు తగ్గుతుంది, నిజమే. కానీ ఊరికే అమ్మేసి పోయినవాడు ఏడాదికేడాది వచ్చి తుడవడు. తన వస్తువునే తుడుచుకుంటాడు.

"మాస్టారూ, ఇవి కొన్నారా, లీజుకి పెట్టించుకున్నారా?" అని అడిగాను.

ఆయన పిట్టగోడ వైపు తిరిగారు. "లీజే" అన్నారు.

లక్ష్మక్క నా వైపు చూసింది. నేను చెప్పాను. "లీజంటే ప్యానెళ్ళు కంపెనీవి. నెలనెలా వాళ్ళకి బాడుగ కట్టల్ల. ఇల్లు నువ్వు కొంటే ఆ అగ్రిమెంటు నీ పేరుకి మారల్ల. దానికి కంపెనీ ఒప్పుకోవల్ల. గడువు తీరేదాకా వాటిని కదిపేకి లేదు. వాటి మీద దుమ్ము పడే పని ఏదీ చేసేకి లేదు. నువ్వు కాయలు పోయల్లంటే వాళ్ళని అడగల్ల."

"అంటే సొంత ఇల్లు కొనుక్కోని, మిద్దెకి మాత్రం నేను బాడుగకి ఉండేదా?" అంది లక్ష్మక్క.

అందరికంటే ఆ మాట పార్వతమ్మగారికి తగిలింది. ఆమె భర్తని చూసి చాలా నెమ్మదిగా అడిగారు. "ఇవి మనవి కావా?"

అందరం కిందికి దిగాం. ఆమె కాఫీ పెట్టి, మా ఇద్దరికీ చేతికిచ్చారు. మాస్టారి గ్లాసు మాత్రం దూరంగా కిటికీలో పెట్టారు. ఆయన లేచి వెళ్ళి తెచ్చుకున్నారు.

"కొనే వీలు లేకపోయిందయ్యా" అన్నారు నాతో, ఆమెకి వినబడేలా. "ఆమె చాలా ముచ్చటపడింది. నిన్ను పిలిస్తే, డబ్బులు తరువాత చూద్దామని నువ్వు ఎలాగో ఒకలా సర్ది బిగించేస్తావు. తరువాత ఆ బాకీతో రోజూ నీకెదురుపడాలంటే నాకు కష్టం. ముక్కూ మొహం తెలియనివాళ్ళయితే ఆ బాధ లేదని వాళ్ళని పిలిచాను."

నేను ఆ మాటకి సిద్ధంగా లేను. ఇన్నేళ్ళూ నన్ను చిన్నచూపు చూశారనుకుని బరువు మోశాను. పిలవనందుకు కోపం ఆ రోజు నుంచి సగం తగ్గింది. పైపు వదిలేసి గోడకి క్లిప్పులు కొట్టించిన సగం అలాగే ఉంది. దానికి ఆయన దగ్గర కారణం లేదు.

అసలు చిక్కు అప్పుడే మొదలైంది. మాస్టారు వాళ్ళు క్యాంపులో, అంటే కాలువ కింద కోస్తావాళ్ళు కట్టుకున్న ఊళ్ళో, తమ్ముడి ఇంటి పక్కన చిన్న ఇల్లు వేసుకుంటున్నారు. అది పూర్తి కావాలంటే ఈ ఇల్లు అమ్ముడుపోవాలి. "శుక్రవారం బయానా ఇచ్చెయ్యమ్మా, ప్యానెళ్ళ సంగతి తరువాత చూద్దాం. ఇంకొకరు కూడా అడుగుతున్నారు" అన్నారు మాస్టారు.

బయట మెట్ల దగ్గర లక్ష్మక్క నన్ను ఆపింది. "ఏం చేయమంటావన్నా? ఈ ఇల్లు పోతే ఇంత మిద్దె ఉండే ఇల్లు మళ్ళ నాకి యాడ దొరుకుతాది?"

"ఇల్లు బాగుండాది. గోడలు బాగుండాయి. కానీ నువ్వు కొనేది గోడల కోసం కాదు కదక్కా. అవి దిగేదాకా బయానా ఇయ్యొద్దు. ఇచ్చినాక నీ మాట ఎవరూ వినరు."

"ఇంకొకరు తీసుకుంటే?"

"తీసుకుంటే తీసుకుంటారు. మళ్ళ తాళమేసిన మెట్ల కింద నిలబడేదానికంటే అది మేలు."

ఆమె తల ఎత్తి మిద్దె పిట్టగోడని ఒకసారి చూసుకుంది. తరువాత లోపలికి వెళ్ళి మాస్టారితో చెప్పేసింది. "మిద్దె ఖాళీ అయితేనే బయానా, మాస్టరూ. మీరు వేరేవాళ్ళకి ఇచ్చినా నేనేం అనుకోను."

దారి చూపించింది పార్వతమ్మగారు. "వెంకటేశు బాబూ, మాతోపాటు వాటిని క్యాంపుకి తీసుకుపోవచ్చేమో కంపెనీని అడగండి. మనవి కాకపోయినా, ఇన్నేళ్ళు బొట్టు పెట్టినదాన్ని."

కంపెనీకి నేనే ఫోన్ చేశాను. అగ్రిమెంటు మాస్టారి పేరు మీదే ఉండనిచ్చి, ఖర్చు ఆయనే పెట్టుకుంటే వేరే ఇంటికి మార్చవచ్చని చెప్పారు. కొత్త చోట నెట్ మీటరుకి మళ్ళీ అర్జీ పెట్టాలి. మిగిలిన కరెంటు లైనులోకి ఎంత పోయిందో, మనం ఎంత వాడుకున్నామో రెండూ చూపించే మీటరు అది. ఆ తిరుగుడంతా నేను తిరిగాను. ఆ కంపెనీవాళ్ళు ఒక్కసారి కూడా కూర్చోమనలేదు. అదీ గుర్తుంది.

ఈలోపు లక్ష్మక్క కాయలు వచ్చేశాయి. శుక్రవారం దాటిపోయింది. ఇంకొకరెవరో ఇల్లు చూసి వెళ్ళారని కూడా విన్నాం. లక్ష్మక్క తిండి మానేసినంత పని చేసింది. అలాంటప్పుడు ఒక పొద్దున పార్వతమ్మగారే కబురు పెట్టారు. ప్యానెళ్ళు దిగేదాకా చుట్టూ ఉన్న సందుల్లో కాయలు పోసుకోమని. చూసి వెళ్ళినవాళ్ళని ఆమే వద్దన్నారట.

కాయలు అలా ఎర్రగా పరిచి ఉండగానే కంపెనీ మనిషి తుడవడానికి వచ్చాడు. ఆ వేళకి నేను మిద్దె మీదే ఉన్నాను.

"అమ్మా, ఈ దుమ్ము పడితే ప్యానెళ్ళు పాడైపోతాయి. తీయించండి" అన్నాడు.

పార్వతమ్మగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, రెండుసార్లు తుమ్మి, తీరిగ్గా చెప్పారు. "ప్యానెళ్ళు మీవే నాయనా, కాదనను. మిద్దె నాది. నేను పోయమంటేనే పోసింది."

లక్ష్మక్క నవ్వాపుకోలేక కాయల మీద కూర్చుండిపోయింది.

కోతలు ముగిసే వేళకి ప్యానెళ్ళు దిగి క్యాంపుకి వెళ్ళాయి. బోల్టులు దించిన చోట స్లాబులో బొక్కలు పడ్డాయి. వాన దిగకుండా మేస్త్రీ చేత వాటిని పూడ్పించి, గోడ మీది క్లిప్పులు మాత్రం నా చేతులతో నేనే పీకాను. బయానా ఇచ్చిన రోజు మాస్టారు నా పక్కన కూర్చుని ఏదో చెప్పబోయి, "కాఫీ తాగావా?" అన్నారు. అంతవరకే. ఇప్పుడు క్యాంపు నుంచి పంట వచ్చినప్పుడు బియ్యం పంపిస్తారు. ఎవరో ఒకరి ట్రాక్టరులో పంపిస్తారు తప్ప, తాను మాత్రం రారు. బియ్యం బాగుంటాయి.

ఆ ఇంటి తరువాత నా పని పద్ధతి మారింది. ఎవరు ఇల్లు చూడమన్నా మొదట మిద్దె ఎక్కుతాను. పైన ఉన్నవి ఎవరివని ఇంట్లోవాళ్ళందరూ ఉన్నప్పుడే అడుగుతాను. తెలియనివాళ్ళు ఆ ఇంట్లోనే ఉండవచ్చు. కొనేవాళ్ళని ఇంకో మాట కూడా అడుగుతాను, ఈ ఇంట్లో నీకు కావలసింది ఏమిటని. దాని మీద ఇంకొకరి హక్కు ఉంటే, మిగతా ఇల్లు ఎంత బాగున్నా తొందరపడవద్దని చెబుతాను.

గృహప్రవేశానికి లక్ష్మక్క కుంకుమ భరిణె పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. "చూస్కోప్పా, ఫోన్ చేయలేదు" అంది. కాయలు మూటలు కట్టుకోవడానికి మిద్దె మీద లైటు అడిగింది. అన్నేళ్ళుగా ఖాళీగా ఉన్న పైపు మూత తీసి, మీటరు బోర్డు నుంచి వైరు తోస్తే ఎక్కడా తట్టుకోకుండా పైకి వచ్చింది.

ఆ ఏడు ఆయుధ పూజకి వెళ్ళాను. కొత్తగా పెట్టించుకున్న కారం మరకి, కాటాకి, జల్లెడకి బొట్లు పెట్టి, నన్ను మిద్దె మీదకి తీసుకుపోయింది. పైపు మూతికి విభూది రాసి, మధ్యలో కుంకుమ పెట్టింది.

"ఇది మనదే కదన్నా, తుడిచేవాళ్ళు ఎవరూ రారు" అంది.