అవ్వ వడికిన గుడ్డ

హోటల్లో అలంకారానికి పెట్టిన రాట్నం ఫొటో మునిమనవరాలు చూపించింది. ముచ్చటగా ఉందట. నూరేళ్లకు దగ్గరపడ్డాను, నేను చెబుతుంటే తనే టైపు చేస్తోంది. తమిళనాడులో కోవిల్‌పట్టి పక్క తెలుగు పల్లెల్లో నా ఈడువాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే చెప్పండి, కొత్త పత్తిలో ఆ గింజ వాసన గుర్తుందా?

మా ఇళ్లలో ముసలివాళ్లు తమ చావుగుడ్డకు నూలు తామే వడుక్కునేవాళ్లు. నాయనమ్మను మేం అవ్వ అనేవాళ్లం. ఆమె తన నూలు నేయించి, ఆ గుడ్డను వేపాకు వేసి అటక మీద కుండలో దాచుకుంది.

కలరా వచ్చిన ఏడు మా చెల్లెలు పోయింది. పసిది. నాయన ఆ గుడ్డ దించి, బిడ్డకు సరిపడా చింపబోయాడు.

"చింపాకురా. అంతా చుట్టు. మన్ను సల్లగా ఉంటాది," అంది అవ్వ.

మర్నాడే మళ్లీ రాట్నం ముందు కూర్చుంది. ఆ వారంలోనే ఆమెకూ కలరా సోకింది. కదురు మీదున్న నూలు గుడ్డకు చాలదు. కట్టుకున్న పాత చీరతోనే పంపాం.

ఆ కాస్త నూలుతో అవ్వ కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టింది అమ్మ.