సాంచాల గది కిటికీ

నిన్న పొద్దున ఆశా కార్యకర్త మా గడపలో నిలబడి, రెండు వారాలకు మించి దగ్గుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. లేరని చెప్పి పంపి, లోపలికి రాగానే కిటికీలన్నీ తెరిచాను. ఈ అలవాటు నాకు మా నాన్న తమ్ముడు చిన్నబాపు పుణ్యమే.

సిరిసిల్లలో మేమంతా కలిసి ఉండే ఇంటి వెనక రేకుల గదిలో ఆయనకు నాలుగు సాంచాలు ఉండేవి. బయటివాళ్లు వాటిని మరమగ్గాలంటారు. ఆయన నేస్తుంటే చిన్నమ్మ పక్కనే కూర్చుని కండెలకు నూలు చుట్టేది. ఆయనకు టీబీ అని తేలిన రోజు నుంచి ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. ఆయన కంచం వేరు, గ్లాసు వేరు. ఒకసారి పొరపాటున ఆ గ్లాసు ముట్టుకున్నందుకు నన్ను ఇల్లెగిరేలా తిట్టాడు. అంత జాగ్రత్త గల మనిషి, చేయి కడుక్కుని నేరుగా సాంచాల గదికి పోయి, కిటికీ బిగించుకుని, సాయంత్రం దాకా అందులోనే దగ్గేవాడు. టీబీ క్రిమి కంచాల్లో కాపురం ఉండదని, దగ్గితే గాల్లోకి లేచి మూసిన గదిలో గంటల తరబడి తిరుగుతుందని, పక్కవాళ్లు ఆ గాలే పీలుస్తారని దవాఖాన నర్సమ్మ చెప్పింది. నేనూ చెప్పాను. చెప్పీ చెప్పీ నా నోరు నొచ్చింది. నేను కిటికీ తెరవడం, ఆయన మూయడం.

"గాలి కొడితే పోగు తెగుతది బిడ్డా. తెగిన పోగు నువ్వు అతుకుతవా?"

రెండు నెలలకు దగ్గు తగ్గింది. ఆరు నెలలు మింగాల్సిన గోళీలు అటకెక్కాయి. "మంచిగైనంక గోళీలెందుకు, ఉత్తగ వేడి జేస్తయి" అన్నాడు. సగం మందుకు చావని క్రిములు మొండికెత్తుతాయని నర్సమ్మ తల కొట్టుకుంది. ఆమె అన్నట్టే వానాకాలంలో దగ్గు తిరిగొచ్చింది, ఈసారి పాత మందుకు లొంగని రకం. కిటికీ మాత్రం మూసే ఉంది. బతుకమ్మ పండుగ నాటికి చిన్నమ్మ కూడా దగ్గడం మొదలుపెట్టింది.

ఆమెకూ అదే మొండి టీబీ అని దవాఖానలో తేలింది. ఇంటికి రాగానే "నా గ్లాసు గూడ ఏరే పెట్టు బిడ్డా" అంది నాతో. చిన్నబాపు లేచి వెళ్లి సాంచాల గది కిటికీ రెక్కలు ఊడబీకాడు. ఆ రోజంతా పోగులు తెగుతూనే ఉన్నాయి, ఆయన ఒక్కొక్కటే అతుకుతూ కూర్చున్నాడు. నాకు జాలి కలగలేదు, ఒళ్లు మండింది.

ఏడాదిన్నర మందులు మింగి ఇద్దరూ బతికారు. చిన్నమ్మ ఇప్పటికీ నాలుగు మెట్లెక్కి, ఊపిరి కోసం ఆగుతుంది. ఆయన ఒక మెట్టు కింద ఆగుతాడు. ఆ కిటికీ ఊడబీకడానికి ఆయనకు పట్టింది ఒక్క నిమిషం. ఆ నిమిషం ఒక్క ఏడాది ముందు వచ్చి ఉంటే, ఆమె ఈపాటికి పై మెట్టు మీద ఉండేది.