అన్న డబ్బాలోని ఉలులు

పది రోజుల కింద ఎల్బీ నగర్ నుంచి కొత్త కోత మిషన్ వచ్చింది. మీర్‌పేట్‌లోని మా ఇంటి కింది గదే నా వడ్రంగి పని చోటు. దాన్ని మొత్తం సర్దితే తప్ప మిషన్ పట్టదు. గోడకు అరలు బిగిద్దామని డ్రిల్లు ఎత్తాను గాని, చెయ్యి ఆగిపోయింది. పన్నెండేళ్ల కింద ఇదే గదిని ఇంతే ఉత్సాహంగా సర్దాను.

అప్పుడది అన్న గది. పని నేర్పింది ఆయనే. ఉలులన్నీ పదును కిందికి పెట్టి ఓ పాత నూనె డబ్బాలో, సుత్తి దాని పక్కన, చిత్రిక కిటికీలో. నా కంటికి అదంతా చిందరవందర. అన్న, వదిన తుర్కయంజాల్ పెండ్లికి పోయిన రెండు రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ప్లాస్టిక్ ట్రేలు తెచ్చి, ఏది ఏ సైజో కనబడాలని ఉలులను పదును పైకి నిలబెట్టి, చీటీలు కూడా అంటించాను. మెచ్చుకుంటాడని గుమ్మంలో నిలబడ్డాను. అన్న తల తిప్పకుండా, అలవాటుగా డబ్బా ఉండే చోటికి చెయ్యి చాచాడు. అరచెయ్యి తెగింది.

రక్తం చూసి నేనన్న మొదటి మాట, "చూస్కోని పెట్టొద్దా చెయ్యి?"

"కనవడితే చూస్తుంటి గద తమ్మీ" అన్నాడు అన్న.

చూపు మందగించి ఏడాదైందట. వదినకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇన్నాళ్లూ చేతి గుర్తుతో పని చేశాడు. ఆ గుర్తును నేను చెరిపేశాను. ఆ తర్వాత ఆయన పనికని మెట్లు దిగలేదు. దిగమని నేను అడగలేదు, అడిగితే తప్పు ఒప్పుకోవాలి గనక.

ఈసారి డ్రిల్లు పక్కన పెట్టి పైకి వెళ్లాను. "తప్పు నాదే అన్నా. ఏది యాడుండాల్నో నువ్వు చెప్తేనే మేకు కొడ్తా" అన్నాను.

"గిన్నేండ్లకు సోయొచ్చిందా నీకు?" అన్నాడు అన్న.

"ముందుగాల కిందికైతే పోండ్రి. ఛాయ్ ఆడికే తెస్త" అంది వదిన.

ట్రేలు తీసేశాను. వారం రోజులు ఆయన కూర్చుని చెయ్యి చాచిన దూరాన్నే కొలతగా పెట్టుకున్నాను. డబ్బా, సుత్తి, చిత్రిక పాత చోట్లకు చేరాయి. మిషన్ అవతలి మూలకు పోయి, అన్న చెయ్యి అటు పోకుండా మధ్యలో అడ్డకర్ర వచ్చింది. ఓసారి నడిపి చూపిస్తే, "లొల్లి ఎక్కువ, పని తక్కువ. అచ్చం నీ లెక్కనే" అన్నాడు.

నిన్న పొద్దున ఓ చెక్క ముందేసుకుని, తల తిప్పకుండా చెయ్యి చాచాడు. సుత్తి దొరికింది. దానికి పట్టింది ఒక్క క్షణం. ఆ చెయ్యి పట్టుకుని మెట్లు దించడానికే నాకు పన్నెండేళ్లు పట్టింది.