మామిడి పండుగకు ముందొచ్చిన సర్కారు సినిమా

మొన్న ఒక పెళ్లిపందిట్లో జనరేటర్ వేయగానే గుప్పుమన్న డీజిల్ వాసనకు అందరూ ముక్కులు మూసుకుంటే, నేను మాత్రం హాయిగా పీల్చుకున్నాను. నవ్వితే నవ్వుకోండి, నా చిన్నతనానికి అది సినిమా వాసన.

సరిహద్దు అవతల హిందీ రాష్ట్రంలోని చింతలనార్ పక్కన మా ఊళ్లో, ఇప్పపువ్వు రాలే రోజుల్లో, తెల్లారకముందే గంపలతో అడవికి పోయి, పువ్వు ఏరి, వాకిట్లో ఎండబోసి, ఎండపూటంతా చింతగింజలాట ఆడి అలసిపోయిన మాకు, సాయంత్రం సర్కారు జీపు దుమ్ము లేపుకుంటూ వస్తే ఒళ్లు తెలిసేది కాదు. వెదురు గుంజలకు తెల్లగుడ్డ కట్టి, డీజిల్ జనరేటర్ వేసి, హిందీలో చిన్న చిన్న సినిమాలు వేసేవారు: నీళ్లు కాచుకోండి, దోమతెర కట్టుకోండి, పిల్లలకు సూదులు వేయించండి. మాటలు సగమే తెలిసినా బొమ్మలన్నీ తెలిసేవి.

ఆ ఏడు నా చంటి తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లు తాగితే ఇంకా పోతాయని నాయనమ్మ చుక్క కూడా పట్టనివ్వలేదు. కళ్లు లోపలికి పోయి, ఏడవడానికైనా ఓపిక లేక అమ్మ భుజాన వేలాడుతున్న వాణ్ని చూస్తే నాకు భయం వేసింది. సరిగ్గా ఆ సాయంత్రం వేసిన సినిమా దాని గురించే. తెరమీద ఒకావిడ గిన్నెడు నీళ్లలో చిటికెడు ఉప్పు, కాస్త చక్కెర కలిపి, అలాంటి బిడ్డకే కొంచెం కొంచెంగా తాగించింది. అమ్మ ముఖం వెలిగింది. అంతలో ఆవిడ తీరిగ్గా కూర్చుని మామిడికాయ కొరికింది.

మాకు మామిడి పండుగ ఇంకా కాలేదు. ఊరి దేవతకు పెట్టకుండా కొత్తకాయ నోట పెట్టడమే!

"ఏందిది, పండుగ గాకముందే తిన్నది! దీని మాట మనం ఇనాల్నా?" అని నాయనమ్మ కొంగు దులుపుకుని లేచింది. ఆడవాళ్లంతా ఆమె వెంటే లేచారు.

అమ్మ ఎప్పుడూ ఆమెకు ఎదురు చెప్పి ఎరగదు. ఆ రోజు తమ్ముణ్ని ఎత్తుకుని దారికి అడ్డంగా నిలబడింది. "అత్తా, పండుగ మామిడికాయకే గదా. ఉప్పుకు, చక్కెరకు ఏం పండుగ ఉన్నది?"

నాయనమ్మ చరచరా ఇంటికి నడిచి, కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పూ చక్కెరా తానే కలిపి, అమ్మ చేతుల్లోంచి వాణ్ని లాక్కుని, "తాగు బిడ్డా, తాగు" అంటూ పట్టింది. మర్నాడు వాడు ఇల్లెగిరిపోయేలా ఏడిస్తే మేమంతా నవ్వాం.

పండుగనాడు దేవతకు కాయలు పెట్టేటప్పుడు నాయనమ్మ మోదుగాకులో ఒక ముక్క విడిగా ఉంచింది. ఎవరికని అడిగాను.

"ఆ సినిమా పిల్లకు. ఎరక్క తిన్నది గదా, మాఫీ చెయ్యమని మొక్కుతున్న."

ఇప్పుడు జీపు రాదు, గుడ్డ కట్టరు. జాగ్రత్తలన్నీ ఫోన్లోకే వస్తాయి, వేలితో పక్కకు నెట్టేస్తాం. వాటిలో ఎవరేం తిన్నా కోప్పడేవాళ్లు లేరు, వాళ్లకోసం దేవత ముందు చేతులు జోడించేవాళ్లూ లేరు.