పొగ చూడడానికి ఎక్కిన గుట్ట

మా అత్తమ్మ ఆ పొద్దున డబ్బాలో సద్ది పెట్టుకుని, చేతికర్ర పట్టుకుని గడప దిగింది. నేను చూస్తూనే ఉన్నాను. ఎక్కడికని అడగలేదు. బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడిగితే పోయే పని చెడుతుందని నాకు నేర్పింది ఆమే. ఏ పక్కింటికో పోతుందిలే అనుకుని వాకిలి ఊడ్చుకున్నాను.

మధ్యాహ్నమైనా రాలేదు. పక్కింటి అక్కను అడిగితే నింపాదిగా చెప్పింది. "గుట్ట మీదికెల్లి చెల్పూరు పొగగొట్టం కనబడ్తదా అని అడిగింది. కనబడ్తది అన్న. గంతే."

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సుల్లేవు. రైళ్లు ఆగిపోయి నా పెనిమిటి మహబూబాబాద్‌లో చిక్కుకున్నాడు. మరిది చెల్పూరు కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. వాడి ఫోను కలవక చాలా రోజులైంది. లోపల పని చేస్తున్నాడని ఒకరు, సమ్మెలో కూర్చున్నాడని ఒకరు, లాఠీ దెబ్బలు తిన్నాడని ఇంకొకరు. ఎవరి మాట నమ్మాలి? పొగ వస్తే పని నడుస్తున్నట్టు, రాకుంటే ఆగినట్టు అని చాయ్ హోటల్ దగ్గర ఎవరో అన్నారట. ఆ ఒక్క మాట పట్టుకుని ముసలామె గుట్టెక్కింది!

కాటారం దాటాక మా ఊరి వెనకే ఉంటుంది ఆ సున్నపురాయి గుట్ట. పైకి మూడు తొవ్వలు. మేకల తొవ్వ, తునికాకు కోసుకొచ్చే తొవ్వ, పాత సున్నపు బట్టీ పక్కనుంచి పోయే తొవ్వ. నేను జనగామ పిల్లను. మా దిక్కు గుట్టంటే బోడి బండ, నిలబడితే నాలుగు దిక్కులూ కనబడతాయి. ఇక్కడ అడుగు తీస్తే అడవి.

మేకల తొవ్వ పట్టాను. మేకలు కాసే తాత ఎదురొచ్చాడు. "వచ్చింది బిడ్డా. జర దూరం పోయి మల్ల దిగింది. బట్టీ దిక్కు పోయింది."

బట్టీ దగ్గర తండా అక్క కట్టెలు ఏరుతోంది. "గీడికొచ్చింది. కొంచెమెక్కి దిగింది. ఆకు తొవ్వ యాడ అని అడిగింది."

ఇదేం చోద్యం? ఏళ్లుగా తిరిగిన గుట్ట, ఆమెకు తెలియని తొవ్వా? ఆకు తొవ్వ మొదట్లో ఆమె చెప్పు కనబడింది. ఒక్కటే. దాన్ని కొంగులో కట్టుకున్నాను.

ఎక్కుతూ తిట్టుకున్నాను. "నీకెందుకే ముసలీ ఈ సోకు? నడుం విరిగితే మోసేది నేను గదా!" టేకు చెట్లు దాటాక రాళ్లు కత్తుల్లా ఉన్నాయి. పొద్దున పడ్డ వాన ఎక్కడా నిలవలేదు, అంతా బండల సందుల్లోకి ఇంకిపోయింది. తాగడానికి గుక్కెడు నీళ్లు లేవు. ఆమె ఏ బొరియలో పడిందోనని ప్రతి సందులోకీ వంగి చూశాను. తిట్లు ఆగిపోయి ఏడుపొచ్చింది.

శిఖరం మీద బండకానుకుని కూర్చుని ఉంది. పాదాలు సున్నంతో తెల్లగా ఉన్నాయి. చీర అంచు నిండా ముళ్లకాయలు.

"పానం తీసినవ్ గదా అత్తమ్మా!" అని అరిచాను.

"ఒర్రకే. ఎవలన్న వస్తరనే కూసున్న. పొగ ఉన్నదా, జూసి జెప్పు."

"నువ్వు చూడలేదా?"

"నాకు ఆనతలేదు బిడ్డా. తొవ్వే ఆనలే, ఇగ పొగేం ఆనుతది?"

కళ్లు పోతున్న సంగతి ఎన్నాళ్లు దాచిందో! ఒకే ఇంట్లో ఉండి నాకు తెలియలేదు. చెల్పూరు దిక్కు చూశాను. ఆకాశం అంచున బూడిద రంగు. పొగో మబ్బో ఎవరికి తెలుసు?

"ఉంటే మంచిదా, లేకుంటే మంచిదా?" అని అడిగాను.

"పొగ ఉంటె వాడు పనిల ఉన్నట్టు. పానానికి ఫికర్ లేదు. గని అందరు సమ్మెల ఉంటె వాడొక్కడు లోపట్నా? ఊర్ల మొఖమెట్ల జూపియ్యాలె? పొగ లేకుంటె రోడ్డు మీద ఉన్నట్టు. ఆడ లాఠీలున్నయి. ఏమని మొక్కాల్నో నాకే సమజైతలేదు."

నాకూ కాలేదు. పొగో మబ్బో తెలియడం లేదని నిజమే చెప్పాను. చెయ్యి పట్టుకుని దించుకొచ్చాను.

ఇంటికొచ్చేసరికి మరిది అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నడిచే వచ్చాడట. మంచిగనే ఉన్నా అన్నాడు. అత్తమ్మ వాడి తల, ముఖం, భుజాలు రెండు చేతులతో తడిమింది.

"ఏందే అవ్వా, గిట్ల తడుముతున్నవ్?" అని నవ్వబోయాడు. ఆమె చెయ్యి వీపు మీద ఆగింది. వాడు పళ్లు బిగించాడు.

"బస్తా ఒరుసుకపోయింది అవ్వా."

ఆమె అంగీ మెల్లగా సర్దింది. తర్వాత నా వైపు తిరిగింది.

"పొగ లేకుండె బిడ్డా. ఇగ వానికి అన్నం బెట్టు."